ఓబో మీద పసుపు గీత

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే మా అమ్మకు నవ్వొస్తుంది. నిన్నగాక మొన్న నీకు జడ వేశాను, అప్పుడే నీకు చిన్నప్పుడేమిటే అంటుంది. కానీ ఆక్లాండ్‌లో మన తెలుగువాళ్ళ పిల్లలు నన్ను ఆంటీ అనడం మొదలుపెట్టి చాలా కాలమైంది. చెవి పక్కన కనిపించే తెల్ల వెంట్రుకలను పీకడం కూడా మానేశాను. అందుకని పెద్దదాన్నయ్యానని ఒప్పుకుని, ఈ సంగతి పెద్దవాళ్ళు చెప్పినట్టే చెబుతాను. రెండు వేల పది దాటిన తొలి సంవత్సరాల మాట ఇది. అప్పుడు మేము ఆక్లాండ్‌కి దక్షిణాన హామిల్టన్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం.

మా నాన్న పాడి రైతులకు యంత్రాలు అమ్మే కంపెనీలో పనిచేసేవారు. అమ్మ హాస్పిటల్ ల్యాబ్‌లో చేసేది. ఇద్దరివీ వేరు వేరు షిఫ్టులు, వేరు వేరు కార్లు. స్కూల్లో ఆర్కెస్ట్రాలో చేరతానని నేను అడిగితే, ఏదో ఒకటి నేర్చుకోనీ అని సరేనన్నారు. వాయిద్యాలు పంచిన రోజున నేను జలుబుతో ఇంట్లో పడుకున్నాను. తిరిగి వెళ్ళేసరికి ఫ్లూట్లు, వయొలిన్లు అన్నీ అయిపోయి, ఎవరికీ అక్కర్లేని ఓబో ఒక్కటి నాకోసం మిగిలింది.

ఓబోను చూడనివాళ్ళు మన సన్నాయిని తలుచుకుంటే చాలు. సన్నటి నల్ల గొట్టం, ఒంటినిండా వెండిరంగు మీటలు, పైన రెండు పలచటి రెల్లు ముక్కలు కలిపి కట్టిన పీక. ఆ పీకను పెదవుల మధ్య పట్టి ఊదాలి. మొదటి నెలల్లో వచ్చేది సంగీతం కాదు, ఇంట్లోవాళ్ళ సహనానికి పరీక్ష. స్కూలు వాళ్ళు నాకిచ్చింది ప్లాస్టిక్‌తో చేసినది. అసలు ఓబోలు ఆఫ్రికాలో పెరిగే ఒక నల్లటి చెట్టు కర్రతో చేస్తారు. ఆ చెక్క ఎంత గట్టిదో అంత సుకుమారం, చలికీ వేడికీ పగులుతుంది. పిల్లలు వాయిద్యాలను కింద పడేస్తారు, ఎండలో కారులో వదిలేస్తారు కాబట్టి పిల్లల చేతికి ప్లాస్టిక్‌వే ఇస్తారు.

మా వీధి చివరి ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. జీవితమంతా ఓబో వాయించి, నేర్పి, రిటైరైన మనిషి. భర్త పోయాక ఒక్కతే ఉండేది. శనివారాలు నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి నేర్చుకునేదాన్ని. అక్కడి అలవాటు ప్రకారం ఆవిణ్ణి పేరుపెట్టి పిలిచేదాన్ని. ఆ చలికాలంలో మా తమ్ముడు పుట్టాడని రాజమండ్రి నుంచి మా అమ్మమ్మ వచ్చింది. నేను అంత పెద్దావిణ్ణి పేరుపెట్టి పిలవడం విని చెంపలు వేసుకుని, తను మాత్రం టీచరమ్మ అనడం మొదలుపెట్టింది. నాకూ అదే అలవాటైపోయింది.

అమ్మమ్మ నా ఓబోను చూడగానే ఇది మన సన్నాయేనే అంది. చేతిలోకి తీసుకుని వేలితో తట్టి చూసి, మొహం అదోలా పెట్టింది. ప్లాస్టిక్ సన్నాయి ఏమిటే, ప్లాస్టిక్ మంగళసూత్రం లాగా అని ఎగతాళి చేసింది. అమ్మమ్మ పుట్టింటి పక్క వీధిలో సన్నాయి మేళం వాళ్ళు ఉండేవారట. పాత ఇళ్ళు పడగొడుతున్నారని తెలిస్తే చాలు, ఆ దూలాల కర్ర కోసం పరిగెత్తేవారట. తరతరాలు ఇంటి కప్పును మోసి, ఎండీ ఎండీ ఇక మారడం మానేసిన కర్ర అయితేనే సన్నాయి మాట వింటుందని వాళ్ళు చెప్పేవారట. దసరాకి ఆ సన్నాయిలనూ డోళ్ళనూ వరసగా పేర్చి గంధం, పసుపు, కుంకుమ పెట్టేవారని, పిల్లలందరూ చూడ్డానికి వెళ్ళేవారని అమ్మమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

అక్కడ చలికాలం ఇంకా పోని ఆగస్టులో టీచరమ్మ నాకు తన సొంత ఓబో ఇచ్చింది. ఎప్పటికీ ఉంచుకోమని కాదు, కొన్నాళ్ళు దగ్గర పెట్టుకోమని ఇచ్చింది. కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళ కణుపులు బొప్పి కట్టినట్టు ఉబ్బి ఉండేవి. కాసేపు వాయిస్తే రెండు రోజులు టీ కప్పు కూడా పట్టుకోలేకపోయేది. చెక్క ఓబోను పెట్టెలో పెట్టి మరిచిపోతే పాడైపోతుంది, రోజూ కొంచెం ఊపిరి తగులుతూ ఉండాలి. నా బదులు నువ్వు ఊదుతూ ఉండు అంది. పెళ్ళి కాకముందు నుంచీ తనతో ఉన్న వాయిద్యమని, ఇంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వలేదని కూడా అంది. జాగ్రత్తలు చెప్పింది. చల్లగా ఉన్నప్పుడు ఊదకూడదు. లోపల వెచ్చటి ఊపిరి, బయట చలి, రెండూ కలిస్తే చెక్క నిలువునా చీలుతుంది. ముందు పైముక్కను చంకలో పెట్టుకుని వెచ్చబరచాలి. హీటర్ దగ్గర పెట్టకూడదు. తడి తగలనివ్వకూడదు.

ఇంటికి తెచ్చి వాయించాక నాకు తేడా తెలిసింది. ప్లాస్టిక్‌ది గదిలో ఎవరు ఉన్నారో చూసుకోకుండా గట్టిగా మాట్లాడే మనిషిలా ఉండేది. చెక్కది అలా కాదు. అదే స్వరం, అదే నా వచ్చీరాని ఊపిరి, అయినా మెత్తగా, నిండుగా వచ్చేది. వంటింట్లోంచి అమ్మమ్మ గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ రోజు నుంచీ ఓబోను వెచ్చబరిచే పని తనే తీసుకుంది. న్యూజిలాండ్ ఇళ్ళలో చలికాలం పొద్దున్నే ఎంత చలిగా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. నేను పళ్ళు తోముకుని టిఫిన్ తినేలోపు, అమ్మమ్మ ఆ పైముక్కను శాలువాలో చుట్టి చంకలో ఇరికించుకుని, రెండో చేత్తో దోసెలు వేసేది. ఇంట్లో ఇద్దరు పసివాళ్ళను సాకుతున్నానని ఫోన్లో మా పిన్నితో చెప్పుకుని మురిసిపోయేది.

తర్వాత దసరా వచ్చింది. హామిల్టన్‌లో అప్పుడు వసంతకాలం, పేరుకి మాత్రమే. హాల్లో గదిని వెచ్చబరిచే హీట్ పంప్ పొద్దున్నించి రాత్రిదాకా నడుస్తూనే ఉండేది. అష్టమి నాడు అమ్మమ్మ అక్కడే కిటికీ కింద పీట వేసి అమ్మవారి పటం పెట్టింది. నాన్న కారు తాళాలు, అమ్మ ల్యాబ్ కోటు, నా పుస్తకాలు అన్నీ చేర్చింది. నడుమ ఇత్తడి పళ్ళెంలో ఓబో. వాయిద్యం ఉన్న ఇల్లు మనది, ఈ ఏడాది పూజకు అర్థం ఉంది అంది. తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, పసుపు కలిపి రాసి, గంధం పెట్టి, కుంకుమ బొట్లు పెట్టింది. పక్కనే దీపం. విజయదశమి దాకా ఓబోను ఎవ్వరూ ముట్టుకోకూడదంది. టీచరమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ నేను ఇంటికొచ్చి అమ్మమ్మకు చెప్పినవే. అమ్మమ్మ మరిచిపోయిందని కూడా అనలేను. ఆవిడ లెక్కలో దేవుడి దగ్గర పెట్టిన వస్తువుకు ఏ హానీ జరగదు. ఆ రెండు రోజులూ నాకు కూడా అది ఓబోలా కనిపించలేదు, పూజలో వస్తువులా కనిపించింది.

విజయదశమి పొద్దున అమ్మమ్మ దణ్ణం పెట్టుకుని, పళ్ళెంలోంచి తీసి, పసుపంతా తుడిచి, ఎప్పటిలాగే శాలువాలో వెచ్చబరిచి నా చేతికిచ్చింది. కొత్తగా మొదలుపెట్టే రోజు, మంచిది ఏదైనా వాయించు అంది. ఊదాను. గాలి బుస్సుమని పక్కకు పోయింది. మళ్ళీ ఊదాను, మళ్ళీ అంతే. వెలుతురులో పెట్టి చూశాం. పైముక్క మీద, మీటల నడుమ నుంచి కిందిదాకా సన్నటి గీత. పసుపు ఆ చీలికలోకి దిగి ఉండటంతో ఎంత పొడవున పగిలిందో స్పష్టంగా కనబడుతోంది. నల్లటి చెక్క మీద పసుపు దారం అంటించినట్టుంది.

అమ్మమ్మ ఏడవలేదు. ఇది ఆవిడ పెళ్ళి కాకముందుది కదా అని మాత్రం అడిగింది. అవునన్నాను. పీట ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు. తమ్ముడు ఏడుస్తున్నా వినిపించుకోలేదు. ఆ తర్వాత లేచి, తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, పళ్ళెంలో అరటిపళ్ళు, కొబ్బరికాయ, జాకెట్టు ముక్క పెట్టుకుని పద అంది. అమ్మా నాన్నా డ్యూటీలో ఉన్నారు, వచ్చాక కారులో వెళదామన్నాను. ఒప్పుకోలేదు. తమ్ముణ్ణి నా చంకకెత్తింది. దారంతా నాకు ఒకే మాట అప్పజెప్పింది. "నా చేతులతోనే జరిగిందని చెప్పు. పూజా గీజా అని సాకులు చెప్పకు. ఆవిడ వస్తువు నేను పాడుచేశాను, నన్ను క్షమించమని అడుగుతున్నానని చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, మెత్తగా చెప్పకు."

టీచరమ్మ ఓబోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. ఆ గీత మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందిదాకా జరిపింది. ఆ ఒక్క క్షణం ఆవిడ మొహం నేను చూశాను, ఇప్పటికీ మరిచిపోలేదు. తర్వాత వెనక్కి తిరిగి, పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మా అమ్మమ్మను చూసింది. మొహం మారిపోయింది. నేను నోరు తెరిచి మొదటి వాక్యం మొదలుపెట్టానో లేదో, "నో వర్రీస్, నో వర్రీస్" అంటూ వచ్చి అమ్మమ్మ భుజం తట్టింది. చెక్క అన్నాక పగలడం మామూలే, ఆక్లాండ్‌లో బాగుచేసే ఆయన ఉన్నాడు, ఇట్టే అతికించేస్తాడు అంది. పరవాలేదంటోంది అమ్మమ్మా అన్నాను.

"నువ్వింకా చెప్పనే లేదు కదే, పరవాలేదని ఎలా అంటుంది?" అంది అమ్మమ్మ.

నేను మళ్ళీ మొదలుపెట్టబోతే టీచరమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడు ఏడుపు రాగం ఎత్తుకున్నాడు. ఆ రోజు అంతటితో అయిపోయింది.

అమ్మమ్మ తిరుగు ప్రయాణం దగ్గర పడింది. ఈ లోపు తను చేసిన పని ఒకటుంది. నా దగ్గర ఇంగ్లీషులో ఒక వాక్యం నేర్చుకుంది. ఐ బ్రోక్ ఇట్, ప్లీజ్ ఫర్గివ్ మి. నీ మధ్యవర్తిత్వం నాకక్కర్లేదు, నేనే అడుగుతాను అని కూరలు తరుగుతూ, ఉయ్యాల ఊపుతూ దాన్నే అనుకునేది. ఫర్గివ్ దగ్గర నాలుక తిరగక తనమీద తనే విసుక్కునేది. ఓబో బాగుపడి వచ్చిందని, అమ్మమ్మను తీసుకుని శనివారం రమ్మని టీచరమ్మ ఫోన్ చేసింది. స్కూలు ఓబో కూడా పట్టుకు రమ్మంది.

వెళ్ళేసరికి బల్ల మీద పెట్టె తెరిచి ఉంది. చీలికకు అడ్డంగా సన్నటి మేకుల్లాంటివి దించి, చెక్కపొడి కలిపిన జిగురుతో పూడ్చారట. దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. అమ్మమ్మ గొంతు సవరించుకుంది. ఆ వాక్యం అనబోతోందని నాకు తెలుసు. అంతలో టీచరమ్మ ఆవిణ్ణి సోఫాలో కూర్చోబెట్టి, ఒక ఆట ఆడదామని నాతో చెప్పించింది. తను లోపలి గదిలోంచి రెండు ఓబోలూ ఒకదాని తర్వాత ఒకటి వాయిస్తుంది. చెక్కది ఏదో అమ్మమ్మ చెప్పాలి. కనుక్కోగలిగితే దాని గొంతుకు ఏమీ కాలేదన్నమాట.

ఆవిడ రెండిటినీ తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు ఓరగా వేసింది. నేను హాల్లో, తలుపు సందులోంచి ఆవిడ కనిపించే చోట నిలబడ్డాను. టీచరమ్మ చెక్క ఓబోను మంచం మీద దుప్పటిపై పడుకోబెట్టింది. నా ప్లాస్టిక్ ఓబో తీసి ఒక నెమ్మది పాట వాయించింది. ఆపి, పీక మార్చింది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది. మళ్ళీ అదే ప్లాస్టిక్ ఓబోతో అదే పాట, ఈసారి ఇంకా మెత్తగా, ఊపిరి పట్టి పట్టి వాయించింది. మీటలు నొక్కినప్పుడల్లా నొప్పికి ఆవిడ కనుబొమలు ముడిపడటం నాకు కనిపిస్తూనే ఉంది.

అమ్మమ్మ కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక కూడా కాసేపు తెరవలేదు. తర్వాత రెండోది అంది. రెండోదే చెక్కది, గొంతు అలాగే ఉంది, ఏమీ పోలేదు అంది. నేను ఇంగ్లీషులో గట్టిగా చెప్పాను. టీచరమ్మ చెక్క ఓబోను చేతిలో పట్టుకుని నవ్వుతూ బయటికొచ్చింది. చూశారా, ఏమీ కాలేదు అంది. అమ్మమ్మ లేచి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. నేర్చుకున్న వాక్యం మాత్రం అనలేదు. ఇంటికి నడుస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. గుండె మీది బరువు దిగితే మనుషులు అలాగే ఉంటారని నేననుకున్నాను.

తర్వాతి వారం టీచరమ్మ నాకు విడిగా చెప్పింది. మనం వినేది చెక్కను కాదు, పీకను, లోపలి బోలును, ఊదేవాళ్ళ ఊపిరిని అంది. జనం చెక్క శబ్దాన్ని సగం కళ్ళతోనే వింటారట. పెద్దయ్యాక నేను చదివిన వాటిలోనూ ఈ గొడవ తెగలేదు. చెక్కలో ఏదో ఉందని కొందరు, ఏమీ లేదని కొందరు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నేను మాత్రం టీచరమ్మ పక్షాన చేరిపోయాను. యూనివర్సిటీలో ఫ్లాట్‌మేట్లకు ఈ కథ చెప్పేదాన్ని. ఒక మంచి మనసున్న మనిషి, ఒక చిన్న అబద్ధం, తేలికపడిన మా అమ్మమ్మ. విన్నవాళ్ళందరికీ నచ్చేది.

చెక్క ఓబో మళ్ళీ నా చేతికి రాలేదు. అతికించినా కింది స్వరాలు పట్టు తప్పాయని, బాగుచేసినాయన తన వల్ల ఇంతే అవుతుందన్నాడని చాలాకాలం తర్వాత ఆవిడే చెప్పింది. మరి కొన్నేళ్ళకు కూతురి దగ్గరికని దక్షిణ దీవికి వెళ్ళిపోయింది. నేను ఉద్యోగానికి ఆక్లాండ్‌లోని ఆల్బనీకి వచ్చాక, ఆవిడ పోయిందని తెలిసింది.

ఇక మా అమ్మమ్మ. ఆ ఏడాది తర్వాత దసరాకి ఎవరి వస్తువుకూ బొట్టు పెట్టలేదు. విశాఖపట్నంలో మా మావయ్య కొత్త కారు కొన్నప్పుడు కూడా, నీ చేత్తో పెట్టమ్మా అని ఆయన బతిమాలినా, గుమ్మంలోనే నిలబడి అత్తయ్య చేత పెట్టించింది. చేతులు వణుకుతున్నాయి రా అందట. వయసు మీద పడిందని అందరం అనుకున్నాం.

తర్వాత నేను సెలవుపెట్టి విశాఖపట్నం వెళ్ళినప్పుడు, మావయ్యగారి ఫ్లాట్ బాల్కనీలో అమ్మమ్మా నేనూ కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాం. టీచరమ్మ ఎలా ఉందే అని అడిగింది. పోయిందట అమ్మమ్మా అన్నాను. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత ఏదో మామూలు మాట అన్నట్టు అంది.

"ఆ రోజు రెండుసార్లూ నీ ప్లాస్టిక్‌దే వాయించింది కదే ఆవిడ."

ఎలా తెలుసని అడిగాను.

"తెలీకేం? రోజూ పొద్దున్నే దోసెలు పోస్తూ విన్నాను ఆ చెక్కదాన్ని. కింది స్వరాలకు దిగేసరికి దాని గొంతులో చిన్న జీర ఉండేది. ఆ రోజు రెండిట్లోనూ లేదు."

మరి రెండోదని ఎందుకన్నావు అన్నాను.

"ఆ వేళ్ళేసుకుని నాకోసం అంతసేపు వాయించింది. కాదని ఎలా అంటాను? ఆవిడ మనసు కష్టపెట్టడానికి వెళ్ళానా?" అంది. అంతలోనే, "కానీ నేను క్షమించమని అడగడానికి వెళ్ళానే. అడగనివ్వలేదు. అసలేం జరగలేదని పంపేసింది. జరగని తప్పుకి ఏమని అడుగుతాం? అది నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడిక ఎవర్ని అడగను?" అంది.

మళ్ళీ కాయలు వలవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పుకుని మురిసిపోయిన నా కథ మీద నాకే రోత పుట్టింది. ఇద్దరూ ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదనుకున్నారు. ఇద్దరూ నవ్వుతూ విడిపోయారు. ఒకావిడ గొంతుపోయిన ఓబోతో, ఇంకొకావిడ నోట్లోనే ఉండిపోయిన ఒక ఇంగ్లీషు వాక్యంతో. ఆ బాల్కనీలో నేను చాలా బాధపడ్డాను. ఓదార్చే మాట అసలు వద్దనిపించింది. పక్కనే కూర్చుని కాయలన్నీ అయ్యేదాకా వలిచాను.

ఇప్పుడు నేనూ వారాంతాల్లో పిల్లలకు ఓబో నేర్పుతున్నాను. ఎవరైనా ఏదో విరగ్గొట్టి, తల వంచుకుని నా ముందుకొస్తే, పరవాలేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చేస్తుంది. ఎంత సులువైన మాటో అది. ఆపుకుంటాను. కూర్చోబెట్టి, చెప్పదలుచుకున్నదంతా చెప్పనిస్తాను. వాళ్ళు తడబడితే తొందరపెట్టను. చివరిదాకా విన్నాకే క్షమించానంటాను. ఆ శనివారం ఆ ఇంట్లో రెండు భాషలూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆట తర్వాత ఆడదాం, మా అమ్మమ్మ మీతో ఒక మాట చెప్పాలని వచ్చింది, వినండి అని అంటే సరిపోయేది.